కిరాయికిచ్చిన పేరు

మా వదిన కుట్టిన జాకెట్టు వేసుకుని నేను ఒక పెళ్లిలో పాడిన వీడియో ఫోన్లలో తిరగడం మొదలైన వారానికే, సంతోష్‌నగర్‌లో మా ఇంటి గేటు ముందు ముగ్గురు ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. వాళ్లు వచ్చింది పాట కోసం కాదు, జాకెట్టు కోసం. నల్లగుడ్డ, మోచేతుల దాకా చేతులు, అంచుకు పసుపు పైపింగు, వీపు మీద చిన్న చిన్న అద్దాలు. "గసొంటిదే మాక్కూడ కుట్టియ్యాలె" అన్నారు.

మాది పాల వ్యాపారం చేసే ఇల్లు. అన్న పొద్దున్నే పాలు పోసి వస్తాడు. వదిన ముందుగదిలో కుట్టు మిషన్ నడుపుతుంది. నేను నలుగురు ఆడవాళ్లతో కలిసి పెళ్లిళ్లలో, బారసాలల్లో, బోనాల పండుగప్పుడు పాడతాను. పాట కోసం ఒక పేరు పెట్టుకున్నాను. అసలు పేరు ఇంట్లోవాళ్లే పిలుస్తారు, బయట అందరికీ ఆ పేరే.

ముగ్గురు కాస్తా ముప్పైమంది అయ్యేసరికి నాకే ఆ ఆలోచన వచ్చింది. పాట పేరును చిన్న గుడ్డముక్క మీద నేయించి, మెడ వెనక లేబులుగా కుట్టిద్దాం అన్నాను. గుడ్డ మనది, కుట్టు మనది, పేరు మనది. వదిన నవ్వి, "సరే తియ్యి, ఓనరమ్మా" అంది.

నాకు చిన్నప్పటి నుంచీ భయం ఎక్కువ. స్టేజీ మీద కాదు. పాట మొదలయ్యాక నాకు ఎవరూ కనిపించరు. నాకు భయమల్లా ఎవరైనా నా ముందుకొచ్చి "నువ్వే గదా చేసింది" అని అడగడం. బడిలో పలక పగిలినా, ఇంట్లో గ్లాసు పగిలినా అంతే. అలాంటిదాన్ని వెళ్లి వెళ్లి బట్టల మీద నా పేరు కుట్టించుకున్నాను.

వదిన ఏ గుడ్డ తెచ్చినా ముందు ఉప్పునీళ్లలో నానబెట్టి, రంగు దిగుతుందో లేదో చూసిగానీ కత్తెర పెట్టేది కాదు. ఒక్కసారి నేనే తొందరపెట్టాను. పెళ్లివాళ్లు పదకొండు మెరూన్ జాకెట్లు అడిగారు, నేను అదే పెళ్లిలో పాడాలి. "ఇంకో రెండ్రోజులాగు" అని వదిన అంటే, "ఏం కాదు వదినా, కుట్టేయ్" అన్నాను.

పెళ్లి ఎండాకాలంలో. చెమటకు రంగు దిగింది. పెళ్లికూతురి మేనత్త గంధం రంగు పట్టుచీర భుజం దగ్గర ఎర్రగా మరకపట్టింది. మరునాడు మధ్యాహ్నం ఐదుగురు ఆడవాళ్లు ఆటోలో మా ఇంటికొచ్చారు. గేటు చప్పుడు వినగానే నేను వెనక్కి పరిగెత్తాను. కొట్టంలో రెండు బర్రెల మధ్య గోడకు ఆనుకుని నిలబడ్డాను. అక్కడికి మాటలన్నీ వినిపిస్తున్నాయి.

"పాటలు పాడేటామె ఏది? ఆమె పేరే గదా ఉంది?"

వదిన గొంతు నెమ్మదిగా వినిపించింది. "ఆమె ఇంట్ల లేదు. కుట్టింది నేను. గుడ్డ కడగకుంట కుట్టిన. తప్పు నాదే."

వాళ్లు ఇంకా చాలాసేపు లొల్లి చేశారు. వదిన అన్నిటికీ తలూపినట్టుంది. వాళ్లు వెళ్లిపోయాక కూడా నేను బయటికి రాలేదు. వదినే వచ్చి, నా నెత్తిమీద పడ్డ గడ్డిపోచ తీసి, "అన్నం తిందువు రా" అంది. అంతకుమించి ఒక్కమాట అనలేదు. అన్నా బాగుండేది.

ఆ తర్వాత మిషన్ చప్పుడు వినగానే నేను పక్కగదిలోకి వెళ్లిపోయేదాన్ని. ఒక్కో జాకెట్టు గేటు దాటుతుంటే, ఇది ఎక్కడ చినుగుతుందో, ఎవరి ఒంటిమీద రంగు దిగుతుందో అన్న ఆలోచనే ఉండేది. సరిగ్గా అప్పుడే పత్తర్‌గట్టి బజారు నుంచి ఒక సేటు కబురు పంపాడు.

పెద్దమనిషి. తెల్ల గడ్డం, మెత్తని మాట. చుడీదార్లు, జాకెట్లు, దుపట్టాలు హోల్‌సేల్‌గా అమ్మే పాత దుకాణం ఆయనది. నన్నూ వదిననూ గద్దె మీద కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు.

"బేటీ, నువ్వు పాట పాడు. బట్ట సంగతి నాకు వదిలెయ్. గుడ్డ నాది, కుట్టే కారిగర్లు నావాళ్లు, దుకాణం నాది. నీ పేరొక్కటి నాకు లైసెన్స్ ఇయ్యి. అమ్ముడుపోకపోతే నష్టం నాది. నీకు ఫికర్ లేదు."

"పేరు పోతదా మరి?" అని అడిగాను.

"ఇల్లు కిరాయికిస్తే ఇల్లు పోతదా? మూడేండ్ల తర్వాత నీ పేరు నీకే."

వదిన చాయ్ కప్పు కింద పెట్టింది. "కిరాయికి ఇచ్చినంక లోపట ఏం వండుతున్నరో మనకు తెలుస్తదా సేట్ సాబ్?"

ఆయన నవ్వాడు. "తిన్నంక చెప్పు అమ్మా, బాగుందో లేదో."

కాగితం ఇంగ్లీషులో ఉంది, రెండు పేజీలు. ఇంటర్ దాకా చదివినదాన్ని, అక్షరాలు చదవగలను. కొన్ని వాక్యాలు అర్థమయ్యాయి, కొన్ని కాలేదు. అర్థమైనవాటిలో ఒకటి, స్టేజీ మీద నేను ఆ దుకాణం బట్టలే వేసుకోవాలి. ఇంకొకటి, ఆ పేరుతో ఇంకెవరూ కుట్టకూడదు. అంటే వదిన కూడా. ఆ వాక్యం మీద వేలు పెట్టి వదినకు చూపించాను. ఆమె చదివి, కిటికీ వైపు చూసింది.

"నీ ఇష్టం. పేరు నీది" అంది.

నాకప్పుడు కావలసింది ఒక్కటే, మళ్లీ ఎవరూ మా గేటు ముందుకు రాకూడదు. సంతకం పెట్టాను.

ఏడాది నిజంగానే హాయిగా గడిచింది. నెలనెలా నాకు కొంత వచ్చేది. కొత్త జాకెట్లు ప్యాకెట్లలో ఇంటికి పంపేవారు, అవి వేసుకుని పాడేదాన్ని. మెడ దగ్గర కొంచెం గీరుకునేవి, అంతే. వదిన లేబులు లేకుండా ఇరుగుపొరుగు వాళ్లకు కుట్టుకునేది. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటూ బట్టల ఊసెత్తడం మానేశాం.

ఒక మధ్యాహ్నం మెంతికూర తెంపుతుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు. ప్రోగ్రాం కోసమేమో అనుకుని ఎత్తాను.

"నువ్వేనా పాటలు పాడేది?" ఒక ఆడగొంతు. వెనక ఎవరో పిల్ల ఏడుస్తోంది.

"ఔనమ్మా, చెప్పు."

"నీ పేరున్న గౌను కొన్న నా బిడ్డకు. దానికున్న పూస ఊడొచ్చింది, ముక్కుల పెట్టుకుంది. ఊపిరాడతలేదు. దవాఖానకు తీస్కపోతున్నం. గిట్లాంటివి పిల్లలకు ఎట్ల అమ్ముతరమ్మా?"

"ఏ దవాఖాన? ఎక్కడ?" అన్నాను. అప్పటికే ఫోన్ కట్టయింది. తిరిగి చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు.

నా పేరుతో పిల్లల గౌన్లు ఉన్నాయని నాకు తెలియనే తెలియదు.

మెంతికూర చేతిలో పట్టుకునే వదిన దగ్గరికి వెళ్లాను. ఫోన్లో విన్నది తడబడుతూ చెప్పాను. వదిన రెండుసార్లు విని, మిషన్ మీది గుడ్డ పక్కకు తోసి, స్కూటీ తాళం తీసింది. "ముందు ఆ గౌనేందో చూద్దాం పా."

పత్తర్‌గట్టిలో ఆ రోజు జనం ఎప్పటిలాగే ఉన్నారు. నాకు మాత్రం ప్రతి మనిషీ నన్నే చూస్తున్నట్టనిపించింది. సేటు దుకాణంలో లేడు. మేము లోపలికి పోకముందే, పక్క దుకాణం బయట తాడుకు వేలాడుతూ కనిపించాయి. గులాబీ, పసుపు, చిలకపచ్చ గౌన్లు. ఛాతీ మీద వరసగా తెల్ల ముత్యాల్లాంటి పూసలు. ప్లాస్టిక్ కవరు మీద నా ఫోటో, నోరు తెరిచి పాడుతున్నది. కింద నా పేరు.

వదిన ఒక పూసను గోటితో గీకింది. అది ఊడి ఆమె అరచేతిలో పడింది. ఇంకొకటి గీకింది. అదీ ఊడింది.

"కుట్టలే" అంది వదిన. "గమ్ముతోటి అతికిచ్చిన్రు."

 దుకాణం మెట్టు మీద కూలబడ్డాను. ఇట్లాంటి గౌన్లు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో, ఎంతమంది పిల్లలు ఇప్పుడు వాటిని నోట్లో పెట్టుకుంటున్నారో. మెరూన్ జాకెట్లప్పుడు పదకొండు అని లెక్క తెలుసు, ఏ ఇంట్లో ఉన్నాయో తెలుసు. ఇప్పుడు అదీ తెలియదు. ఎవరిని ఆపాలి, ఎక్కడికి పరిగెత్తాలి? పైగా ఆ పిల్ల బతికే ఉందో లేదో కూడా తెలియదు. 

గంటన్నర ఆ మెట్టు మీదే కూర్చున్నాం. వదిన నా చెయ్యి వదలలేదు. చివరికి అదే నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తకుండా వదిన చేతిలో పెట్టాను. వదిన ఎత్తి, విని, కళ్లు మూసుకుంది.

"తీసిన్రంట. పిల్ల మంచిగున్నదంట."

మరునాడు ఇద్దరం వాళ్ల ఇంటికి వెళ్లాం. చంపాపేట వైపు, రెండు గదుల ఇల్లు. నాలుగేళ్ల పిల్ల మంచం మీద కూర్చుని బిస్కెట్ తింటోంది. ముక్కు దగ్గర ఇంకా ఎర్రగా ఉంది. తిడతారనుకుని గుమ్మం బయటే ఆగిపోయాను. వాళ్లమ్మ తిట్టలేదు. "నీ పాట పెడితే ఎగుర్తది మా బిడ్డ. గందుకే నీ పేరు చూసి కొన్న" అంది. ఆ గౌను మడిచి కవర్లో పెట్టి నా చేతికిచ్చింది.

ఆ కవరు తీసుకుని సేటు దగ్గరికి వెళ్లాం. ఆయన గౌను చూశాడు, పూస చూశాడు. మొహంలో రంగు మారింది గానీ గొంతు మారలేదు.

"ఇది నా కారిగర్లది కాదు బేటీ. బయటి కాంట్రాక్టరు. నేను చూస్కుంట."

"పిల్లల బట్టల మీద నా పేరు తీసేయండి."

"కాగితం చదువు. అన్ని రకాల బట్టలు అని ఉంది. నువ్వు సంతకం చేసినవు."

"నేను స్టేజీ మీద చెప్తా. అవి నావి కావని చెప్తా."

"చెప్పు. అప్పుడు నేను వకీలుతోని నోటీసు పంపాల్సొస్తది. నాకిష్టం లేదు."

ఆ ఒక్కమాటతో నా ధైర్యం అంతా దిగిపోయింది. నోటీసు అంటే ఏమిటో, కోర్టు ఎక్కడుందో తెలియని ఇల్లు మాది. రెండు రోజుల తర్వాత ఒక పెళ్లిలో పాడటానికి నిలబడ్డాను. ముందు వరసలో ఒక చిన్నపిల్ల నా పేరున్న గులాబీ గౌను వేసుకుని గంతులేస్తోంది. నేను పాట ఎత్తుకోలేదు. డప్పు కొడుతూనే ఉన్నారు, కోరస్ వాళ్లు నావైపు చూస్తున్నారు. స్టేజీ మీద భయం వెయ్యడం నాకదే మొదటిసారి. దిగిపోయి ఆ పిల్ల తల్లిని వెతికి పట్టుకుని, "గౌను విప్పెయ్యండి, పూసలు ఊడుతయి" అన్నాను. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. అయినా పిల్లను లోపలికి తీసుకెళ్లి మార్చింది. నేను మళ్లీ మైకు దగ్గరికి వెళ్లి అందరికీ అదే మాట చెప్పాను. నోటీసు వస్తే రానీ అనుకున్నాను. 

ఎవరో అది వీడియో తీశారు. నోటీసు రాలేదు. సేటే ఫోన్ చేశాడు.

నేనూ వదినా వెళ్లేసరికి ఈసారి ఆయన దుకాణంలో గద్దె మీద కాదు, వెనక గదిలో కూర్చున్నాడు. ముందు గౌన్లు మూటలు కట్టి ఉన్నాయి. "అన్ని దుకాణాల నుంచి వాపసు తెప్పిస్తున్న" అన్నాడు. ఒక మూట ముడి బిగిస్తూ, "రేపు ఏమన్నైతే పోలీసులు నీ ఇంటికి రారు, నా దుకాణానికే వస్తరు. ఈ దుకాణం మా తాతది. నాకు డర్ లేదనుకుంటున్నవా?" అన్నాడు.  

వదిన ముందుకు జరిగింది. "సేట్ సాబ్, పేరు వాపస్ ఇచ్చేయండి."

ఇస్తానంటే నేనేం చేసేదాన్నో నాకే తెలియదు. మళ్లీ ప్రతి కుట్టుకూ నేనే జవాబు చెప్పాలి. దానికీ భయమే. ఆయన ఎలాగూ ఇవ్వనన్నాడు. నేనప్పుడు దారంతా అనుకుంటూ వచ్చిన మాట చెప్పాను. పిల్లల బట్టలు వద్దు. పెద్దవాళ్ల బట్టల్లో ఏ రకమైనా సరే, మొదటి శాంపిల్ నేను చూసి సంతకం పెట్టాకే లేబులు కుట్టాలి.

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "అట్లైతే ఇంకో రెండేండ్లు ఎక్కువ ఇయ్యాలె."

వదిన నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. నేను ఒప్పుకున్నాను. ఈసారి కాగితం తెలుగులో రాయించమన్నాను. రాయించాడు.

ఇంటికొచ్చాక వదిన గేటు దగ్గర స్కూటీ ఆపి, "ఇంకో నాలుగేండ్లు నువ్వు నిద్రపోవు, చూడు" అంది. తర్వాత వారం ఆమె తన పేరుతోనే లేబుళ్లు చేయించింది. ముందుగదిలో కుట్టి, ఉప్పునీళ్లలో ఉతికి, వారానికి నాలుగో ఐదో ఇస్తుంది. ఇంతకంటే పెరగనివ్వదు.

నేను ప్రతి గురువారం పత్తర్‌గట్టి వెళ్తాను. వెనక గదిలో కూర్చుని ఒక్కో శాంపిల్ కుట్లు లాగి చూస్తాను, తడిగుడ్డతో రుద్ది చూస్తాను. మొదట్లో అన్నిటికీ సంతకం పెట్టేశాను, కాదంటే ఆయన ఏమంటాడోనని. మొన్న ఒక జాకెట్టు హుక్కు వీపులో గుచ్చుకునేలా ఉంది. కలం కింద పెట్టి, "ఇది వద్దు సేట్ సాబ్" అన్నాను.

"ఎందుకు?"

చూపించాను. ఆయన ఆ హుక్కును తన మణికట్టు లోపలివైపు ఒత్తి చూసుకున్నాడు. ఎర్రని గీత పడింది. జాకెట్టు పక్కన పెట్టి, ఇంకొకటి నా ముందుకు తోశాడు.