గుండ్రటి దారి మధ్య గడ్డి

పెద్ద రోడ్డు మీంచి వంతెన ఎక్కాలంటే ఏ బండైనా ఆ గుండ్రటి దారిలో ఒక చుట్టు తిరగాల్సిందే. ఆ చుట్టు మధ్యలో ఉన్న గడ్డికి నీళ్లు పట్టేది తోటపని చేసే అక్క. పొద్దస్తమానం తన చుట్టూ ఇన్ని బండ్లు తిరుగుతున్నా ఆమెను పలకరించే దిక్కు లేదు.

రోజూ పొద్దున ఒక సిటీ బస్సు మాత్రం అక్కడ నెమ్మదించేది. దాన్ని నడిపేవాడు ఆమె సొంత తమ్ముడు. తల్లి చనిపోయిన ఏడాది మాటా మాటా పెరిగి, ఒకరి గడప ఒకరు తొక్కడం మానేశారు. ఎంత పంతం పట్టినా ఆ చుట్టులో వాడి మొహం ఆమెకు కనపడి తీరేది. పైపు పట్టుకుని, బస్సుతో పాటే మడమ మీద తిరుగుతూ, వాడికి వినపడదని తెలిసీ చెడామడా తిట్టేది.

"ఏరా, అలా చిక్కిపోయావేంటి? వేళకి తిని చావొచ్చుగా! ఆ గడ్డమేంట్రా, దిక్కులేనివాడిలా?"

వాడు రోడ్డు మీంచి చూపు తిప్పేవాడు కాదు. బస్సు వేగమూ పెంచేవాడు కాదు.

ఈమధ్య తిన్నగా వంతెన ఎక్కిపోయేలా కొత్త దారి వేశారు. చుట్టు తప్పిందని అందరికీ సంబరమే. తమ్ముడి బస్సు ఇప్పుడు ఆమె నెత్తి మీదుగా పోతుంది. కింద నుంచి చూస్తే పిట్టగోడ తప్ప ఏమీ కనపడదు.

మొన్న సూపర్‌వైజర్ వచ్చి గడ్డంతా కలియజూశాడు.

"ఏమ్మా, అంతా పచ్చగా ఉంటే నడిమధ్యన ఈ కాస్త చోటు బోడిగా ఉందేంటి? ఇక్కడ గడ్డి మొలవదా?"

ఆమె తన మడమల కింది నేల వంక చూసుకుంది.

"ఇక మొలుస్తుందిలెండి సార్" అంది.