ఆవిడ అంత గట్టిగా ఎందుకు పలకరించేదంటే

పోయిన నెల ఒక ఉదయం మా ఆవిడ వంటగదిలో కూలిపోయింది. అంబులెన్స్ వచ్చేసరికే అంతా అయిపోయింది. లండన్‌లో ఇల్ఫర్డ్, ఈస్ట్ హామ్ తెలుగువాళ్ళకు ఆవిడ గొంతు తెలుసు. ఆ గొంతు గురించే ఈ నాలుగు మాటలు.

కొన్నేళ్ళ కిందట నా రెండు కళ్ళలోనూ రెటీనా దగ్గర వాపు వచ్చింది. వాపు ఉన్నచోట, ఉండకూడని కొత్త రక్తనాళాలు మొలిచాయి. డాక్టరు బొమ్మ గీసి చెబితే ఆవిడ నాతో, "మన గులాబీకి అడుగునుంచి వచ్చే దొంగకొమ్మల్లాంటివన్నమాట" అంది. కంట్లో ఇంజెక్షన్లు ఇచ్చారు. నాళాలు ఆగాయి, మచ్చ మిగిలింది. అప్పటినుంచి నాకు అంచులే కనపడతాయి. మనిషి మొహం ఉండాల్సినచోట బూడిదరంగు మరక.

ఎవరికీ చెప్పలేదు. నాకు సిగ్గు.

ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా ఆవిడ నాకంటే ముందు అందుకునేది. "రండి రండి, ఈస్ట్ హామ్ వదినగారూ! బాబుకి జ్వరం తగ్గిందా?" ఎవరో, ఏమడగాలో నాకు తెలిసిపోయేది. ఇంట్లో మాత్రం మితభాషి. తిరిగి రాగానే ఉప్పునీళ్ళు పుక్కిలించి, గొంతుకు మఫ్లర్ చుట్టుకుని మౌనంగా కూర్చునేది.

"బావగారూ, ఈ రేడియోకి స్విచ్ లేదాండీ?" అనేవాడు మా మిత్రుడొకడు. అందరికంటే గట్టిగా ఆవిడే నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి.

"నిజం చెప్పేద్దామా?" అని ఒకసారి అడిగాను.

"చెబితే మిమ్మల్ని చెయ్యి పట్టుకుని నడిపిస్తారు, అది మీరు తట్టుకోలేరు. నన్ను వాగుడుకాయ అంటే నాకేం అరిగిపోదులెండి."

మళ్ళీ అడగలేదు.

సంతాపసభలో ఆ మిత్రుడే మైకు తీసుకున్నాడు. "అక్కయ్య లేక మన హాలు మూగబోయింది. కానీ బావగారి ఓపికకి దండం పెట్టాలండీ!" అందరూ తడిగొంతులతో నవ్వారు. ప్రేమగానే అన్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

లేచాను. "ఆవిడకి మాట్లాడటం ఇష్టం ఉండేది కాదు. నాకు మీ మొహాలు కనపడవు. ఎవరొచ్చారో నాకు చెప్పడానికే ఆ మాటలన్నీ."

మిత్రుడు మైకు కింద పెట్టిన చప్పుడు వినపడింది.

చివర్లో ఆవిడ ఫోటో ముందు నిలబడ్డాను. దండ కనపడింది, ఫ్రేము కనపడింది. మధ్యలో ఏమీ లేదు. చూపు పక్కగోడ మీదికి తిప్పాను. అప్పుడు ఒక చెవిదుద్దు, కాస్త బుగ్గ తేలాయి. అలాగే గోడను చూస్తూ ఉండిపోయాను. హాలు లైట్లు ఆర్పడానికి వచ్చినవాళ్ళెవరో, స్విచ్ మీద చెయ్యి పెట్టి ఆగారు.