బలపం పొడిలో సూదులు

మా అక్క భర్త నాచారంలో బలపం రాయి పొడి చేసే మిల్లులో పనిచేసేవాడు. నేను ఉప్పల్‌లో ఒక ప్రయోగశాలలో రాళ్ల పొడి మీదికి ఎక్స్‌రేలు పంపి, లోపల పరమాణువులు ఏ వరసలో ఉన్నాయో చదువుతాను. బావ దగ్గు ఎంతకీ తగ్గకపోయేసరికి నాకు మనసు మనసులో లేదు. బలపం రాయితో పాటు గనిలో ఒక్కోసారి ట్రెమొలైట్ అనే రాయి కూడా వస్తుంది. దానిలో సూదుల్లాంటి పోగులుంటే ఊపిరితిత్తులకు చేటు.

"జర ఆ పొడి పట్టుకరా బావా" అని పోరు పెట్టాను. పాలిథిన్ కవర్లో తెచ్చి, "ఏంది మర్దలా, మొఖానికి పౌడర్ లెక్క పూసుకుంటవా?" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

ప్రయోగశాలలో నా సహోద్యోగి పొడిని పళ్లెంలో పోసి, గాజుపలకతో నున్నగా నొక్కి యంత్రంలో పెట్టాడు. ఏ రాయికైనా తెర మీద దాని సొంత గీతలు లేస్తాయి. ఇక్కడ బలపం గీతలే లేచాయి. "ఏం లేదు మేడం, క్లీన్" అన్నాడు.

ఆ నునుపే నాకు నచ్చలేదు. బలపం రేకులు రేకులుగా ఉంటుంది. నొక్కితే రేకులన్నీ వెల్లకిలా పడుకుంటాయి, వాటి గీత ఆకాశానికెక్కి పక్కనున్న చిన్న గీతలను కనపడనివ్వదు. "పొడికి ఇస్త్రీ చేస్తారా ఎవరైనా?" అని కసిరాను. పళ్లెం ఖాళీ చేసి, ఈసారి పక్కనుంచి వదులుగా నింపి, యంత్రాన్ని మెల్లగా నడిపించాను. కూర్చోలేకపోయాను. క్యాంటీన్‌కు వెళ్లి, చాయ్ సగంలో వదిలి తిరిగొచ్చాను.

బలపం గీత పక్కన చిన్న బొడిపె. ట్రెమొలైట్ ఉండవలసిన చోటే. ఎక్స్‌రే రాయి పేరు చెబుతుంది గానీ అది సూదిగా ఉందో లేదో చెప్పదు. మైక్రోస్కోప్ కింద పెడితే సూదులే కనిపించాయి.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లి చెప్పాను. "అయితే రేపు డ్యూటీకి పోవద్దా?" అన్నాడు బావ.

"వద్దు. ముందు దవాఖానాకు పోదాం. మిల్లుల అందరికీ చెప్పాలె."

వంటింటి గడపలో నిలబడి వింటున్న అక్క, "రోజూ ఆయన బట్టలు దులిపేది నేనే గదనే చెల్లె" అంది. "తెల్లగ లేస్తుండె."

"నువ్వు గూడ రావాలె అక్కా" అన్నాను.

అక్క కొంగుతో ముక్కు మూసుకుంది. గదిలో అప్పుడు దుమ్మేమీ లేదు.