కోళ్లగదిలో హవాయి చెప్పులు

పంతొమ్మిది వందల డెబ్భైల చివర్లో నా ఒంటి నుంచి ఎప్పుడూ కోడిపిల్లల వాసనే వచ్చేది. ఎంత సబ్బు రుద్దినా పోయేది కాదు. బస్సులో నా పక్క సీటు చాలాసార్లు ఖాళీగా ఉండేది. నాకేం, కాళ్లు చాపుకుని కూర్చునేదాన్ని.

విశాఖలో జంతుశాస్త్ర పరిశోధక విద్యార్థినిని నేను. కోళ్లకి వచ్చే నెత్తురు విరేచనాల జబ్బు నా సబ్జెక్టు. కోడి పేగుల్లో కాపురం పెట్టే ఒక పరాన్నజీవి పని అది. రెట్టలో దాని గుడ్లలాంటివి బయటికొస్తాయి, ఊసిస్టులంటాం. కంటికి కనపడవు, ఫినాయిలుకి చావవు. తడి తగిలితే ముదురుతాయి. ఇంకో కోడి వాటిని మింగిందా, దాని పనీ అంతే.

మా షెడ్డులో పక్కపక్కనే రెండు గదులు. ఒకదాంట్లో నేను కావాలని జబ్బు అంటించిన పిల్లలు, రెండోదాంట్లో ఏ జబ్బూ లేనివి. వీటితో వాటిని పోల్చి చూస్తేనే నా ప్రయోగానికి అర్థం. రెండో గది శుభ్రంగా ఉండాలి, అంతే. ఆ అంతే నా ప్రాణం తీసింది.

పెందుర్తి అవతలి ఫారం నుంచి పిల్లల్ని చిల్లుల అట్టపెట్టెలో పెట్టి, ఒళ్లో మోసుకుంటూ తెచ్చేదాన్ని. వాటి కింద పరిచే ఊకని పెద్ద మూకుట్లో వేయించేదాన్ని. తాగే నీళ్లు మరగబెట్టేదాన్ని. ఈగలు రాకుండా కిటికీలకి జాలీ కొట్టించాను. మా అమ్మ నన్ను కూడా అంత ముద్దుగా పెంచలేదు. అయినా ప్రతి విడతలోనూ కొన్నాళ్లకి శుభ్రం గదిలో ఒక పిల్ల రెక్కలు వాల్చి మూల నిలబడేది. కింద ఊక మీద నెత్తురు. నాకు ఏడుపు కంటే ముందు కోపమొచ్చేది.

పక్కనున్న సముద్రజీవుల విభాగం వాళ్లకి మా షెడ్డు మీద కన్ను. హార్బరు నీళ్లలో నానబెట్టిన చెక్కల్ని, పురుగు ఎంత తిన్నదో చూడ్డానికి, తెచ్చి పేర్చుకోవాలట. వాళ్ల పెద్దాయన సాయంత్రాలు కొలతల టేపు పట్టుకొచ్చి, నేను చూస్తుండగానే మా గోడలు కొలిచేవాడు. ఒకరోజు మా ప్రొఫెసర్‌గారు పిలిచి, "అమ్మాయ్, ఇదే ఆఖరి విడత. ఇదీ పాడైతే షెడ్డు వాళ్లకిచ్చెయ్యాల్సిందే, నా చేతుల్లో లేదు" అన్నారు. షెడ్డు లేకపోతే నా పరిశోధన లేదు. మా నాన్న అప్పటికే ఊళ్లో హైస్కూలు హెడ్మాస్టరుతో నా ఉద్యోగం గురించి మాట్లాడి ఉంచాడు.

ఆఖరి పిల్లలు ఇంకా రాలేదు. పాత విడతలో మిగిలినవి రెండు గదుల్లోనూ తిరుగుతున్నాయి. ఆ పొద్దున వరండాలో గోడకానుకుని, ఎవరిని తిట్టాలా అని చూస్తూ నిలబడ్డాను. మా అటెండరు వన్ టౌన్ నుంచి వచ్చే ముసలాయన, నేను చాచా అనేదాన్ని. గచ్చు కడిగి వెళ్లిపోయాడు. ప్రొఫెసర్‌గారు ఎప్పటిలా వరండా మెట్ల దగ్గర చెప్పులు విడిచి రెండు గదులూ చూసి వెళ్లారు, ఆయన వెనకే నేనూ తిరిగొచ్చాను. మా షెడ్డులోకి చెప్పులతో ఎవ్వరూ వెళ్లరు. ఎవరో పెట్టిన రూలు కాదది. "లోపల ప్రానాలున్నాయి కదమ్మా, సెప్పుల్తో ఎలా ఎల్తాం" అనేవాడు చాచా. మాకందరికీ అది ఎంత సహజమంటే, దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

గచ్చు ఆరుతోంది. తడి పాదాల గుర్తులు ఇంకా ఆరలేదు. చాచావి వెడల్పు, ప్రొఫెసర్‌గారివి పొడుగు, నావి చిన్నవి. అన్నీ జబ్బు గదిలోంచి బయల్దేరి, చక్కగా శుభ్రం గదిలోకి నడిచి వెళ్లాయి.

నేను ల్యాబులోకి పరిగెత్తి, ట్రేలో కాలు పెట్టి, బ్రష్షుతో అరికాలు తోమాను. ఆ నీళ్లని సెంట్రిఫ్యూజులో తిప్పి, అడుగున దిగినదాంట్లో చిక్కటి ఉప్పునీళ్లు కలిపాను. పోర్టు నుంచి ఎగిరొచ్చే ఇనప ఖనిజం ఎర్రదుమ్ము కిందే ఉండిపోయింది. పైకి తేలింది స్లైడు మీద వేసి చూశాను. గుండ్రంగా, నున్నగా, ఊసిస్టులు! నేను వేసిన కేకకి పక్క గదిలో ఏదో గాజుసామాను పగిలింది.

ప్రొఫెసర్‌గారు వచ్చి మైక్రోస్కోపులో చూశారు.

"ఊఁ, బాగానే ఉన్నాయి. ఏ కోడివి?"

"కోడివి కావండీ. నా అరికాలివి."

ఆయన తలెత్తి నన్ను చూశారు. తర్వాత తన కాళ్లు చూసుకున్నారు. స్టూలు మీద కూర్చుని, పంచె కొంచెం పైకి లాగి, ట్రేలో కాలు పెట్టారు. గురువుల కాళ్లు కడిగిన నీళ్లు నెత్తిన చల్లుకోవడం మా ఇళ్లలో ఆనవాయితీ. నేను సెంట్రిఫ్యూజులో పోశాను. అందులోనూ ఉన్నాయి! ఆయన పకపకా నవ్వారు. ఆయన అంతలా నవ్వగలరని నాకు అంతవరకు తెలీదు.

వన్ టౌన్లో మనిషికి రెండేసి జతల హవాయి చెప్పులు కొన్నాను. నీలం పట్టీలవి శుభ్రం గదికి, ఎర్ర పట్టీలవి జబ్బు గదికి. గడప లోపలే ఉంటాయి, గడప దాటి బయటికి రావు. గుమ్మంలోంచి కాలు నేరుగా చెప్పులోకే దిగాలి. పొద్దున్న పని ముందు శుభ్రం గదిలో, తర్వాతే రెండోది. ప్రొఫెసర్‌గారు ఒప్పుకున్నారు. చాచా ఒప్పుకోలేదు.

"సెప్పులేసుకుని గదిలోకా? తప్పు కాదేటమ్మా? నాను నమాజుకి నమాజుకీ కాళ్లు కడుగుతాను. నా కాళ్లు మురికంతావేటి?"

"మీవే కాదు చాచా, ప్రొఫెసర్‌గారివీ అంతే" అని ఆ స్లైడు చూపించాను. చాలాసేపు చూశాడు. మర్నాడు నాకంటే ముందొచ్చి నీలం చెప్పులు వేసుకున్నాడు, మొహం మాత్రం ముడుచుకునే ఉంది.

గదులు రెండూ ఖాళీ చేసి, సలసలా కాగే నీళ్లతో కడిగించి, ఆఖరి పిల్లల్ని దించాం. జబ్బు గదిలో అంటించినవాటికి అనుకున్నట్టే నెత్తురు పడింది. శుభ్రం గదిలో రెట్టలు రోజూ చూశాను. ఏమీ లేదు. మర్నాడూ ఏమీ లేదు. వారాలు గడిచినా ఏమీ లేదు! ఆ పిల్లలు రెక్కలొచ్చి, జుట్టు ఎర్రబడి, ఒకదాన్నొకటి తరుముకుంటూ గదంతా దున్నేశాయి. రెట్ట చూసి ఎగిరి గంతేసిన ఆడపిల్లని విశాఖపట్నంలో నేనొక్కదాన్నేనేమో.

అలాంటి ఒక సాయంత్రం సముద్రజీవుల పెద్దాయన టేపుతో వచ్చాడు. అలవాటు ప్రకారం మెట్ల దగ్గర చెప్పులు విడిచి, శుభ్రం గది గడప మీద కాలు పెట్టబోయాడు.

లోపల్నించి చాచా అరిచాడు. "ఆగండి సార్! ఒట్టికాళ్లతో రాకండి! సెప్పులేసుకోండి, లోపల ప్రానాలున్నాయి!"

పెద్దాయన బిత్తరపోయి, నా కొలతకి కొన్న నీలం చెప్పుల్లోకి మునివేళ్లు దూర్చుకుని, గోడ పట్టుకుని లోపలికెళ్లాడు. కోళ్ల వంక చూశాడు, గడప ఇవతల ఉన్న నా మొహం వంక చూశాడు. టేపు జేబులో పెట్టేసుకున్నాడు.