కాళ్లతో చదివిన ఇంగ్లీషు

మా ఇంగ్లీషు సారు పోయారు. ఆ మాట నాకు నల్గొండ కోర్టు మెట్ల మీద తెలిసింది. శ్రీశైలం ఫోన్ చేశాడు. వాడూ నేనూ హైస్కూల్లో ఒకే తరగతి. ఇప్పుడు వాడు అచ్చంపేట దగ్గర గురుకులంలో ఇంగ్లీషు టీచరు, నేను కొత్తగా నల్లకోటు వేసుకున్న వకీలును.

"స్వరూపా, సారు పోయిండే. రాత్రి పండుకున్నాయిన పొద్దుగాల లేవలేదంట. ఆలేరు పోదామా?" అన్నాడు.

"పోదాం" అన్నాను. ఏడుస్తూనే బస్టాండుకు నడిచాను. కానీ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక గుర్తొచ్చినవన్నీ నవ్వొచ్చే సంగతులే. కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్న నన్ను చూసి పక్కనున్న పెద్దమ్మ కొంచెం దూరం జరిగింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో సారు మా బడికి బదిలీ మీద వచ్చారు. దేవరకొండ అవతల, మెట్ట పొలాల మధ్య తెలుగు మీడియం సర్కారు బడి మాది. ఇంగ్లీషు పీరియడ్ అంటే మాకు కడుపునొప్పి వచ్చే పీరియడ్. మొదటిరోజే సారు మా చెప్పులు బయట విడిపించారు. శుభ్రం కోసం కాబోలు అనుకున్నాం. బోర్డు మీద ఒక పెద్ద పేరా రాశారు. అందులో కామా లేదు, ఫుల్‌స్టాప్ లేదు, ఏ గుర్తూ లేదు. నన్ను లేపి చదవమన్నారు. నేను ఒక్క గుక్కన మొదలుపెట్టి మధ్యలో దమ్ము చాలక ఆగిపోయాను.

"ఏమైంది బిడ్డా?"

"ఊపిరి ఆడ్తలేదు సార్."

"నీ తప్పు కాదు. రాసినోడు నీకు ఊపిరి తీసుకునే జాగా ఇయ్యలేదు. ఆ జాగా మనమిద్దాం, కాళ్లు దగ్గర పెట్టుకోండ్రి" అన్నారు. ఇంగ్లీషుకూ కాళ్లకూ ఏం సంబంధమో అర్థంకాక మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

సంబంధం ఇది. కామా వస్తే కుడికాలి వేళ్లు నేలకు నొక్కాలి. ఫుల్‌స్టాప్‌కు రెండు మడమలూ కలిపి దించాలి. ప్రశ్న గుర్తుకు మడమలు పైకెత్తి జర ఆపాలి. సెమికోలన్‌కు ముందు వేళ్లు, వెంటనే మడమ. అపాస్ట్రఫీకి బొటనవేలితో ఒక్క పోటు. ఎవరి మాటలన్నా కొటేషన్లలో వస్తే మోకాళ్లు రెండూ దగ్గరికి చేర్చి, ఆ మాటలు అయిపోయాక విడదీయాలి. మొదటివారం క్లాసంతా కుస్తీ పట్లలా ఉండేది. తర్వాత మాకు తెలియకుండానే కళ్లు అక్షరాల మీద, కాళ్లు గుర్తుల మీద పడటం అలవాటైంది.

ఈ విద్య ఆయనకు బీఎడ్ కాలేజీలో రాలేదు. ఆలేరు పక్కన నేతపనివాళ్ల ఇల్లు వాళ్లది. గుంట మగ్గంలో కూర్చున్నవాడి చేతులు పైన పని చేస్తుంటే, కాళ్లు కింద గుంటలో తొక్కుడు కర్రల మీద ఆడుతుంటాయి. సారు చిన్నప్పుడు మగ్గం మీద ఇంగ్లీషు వాచకం ఆనించి, పైకి చదువుతూ నేసేవారట. వాక్యం ఎక్కడా ఆపకుండా గబగబా చదివితే కాలు తప్పేది, పోగు తెగేది. పక్కన కూర్చుని నూలు చుట్టే వాళ్లమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ చప్పుడు మారగానే "తెంపినవ్ పో, మల్ల మొదటి నుంచి చదువు" అని గదిమేది. "ఇంగ్లీషుల నా మొదటి టీచరు మా అవ్వ" అని సారు మాకు చాలాసార్లు చెప్పారు. వాళ్ల పక్క అమ్మను అవ్వ అనేవారు.

ఆయన కోపమంతా గుర్తుల మీదే. మా స్పెల్లింగు తప్పితే నవ్వి ఊరుకునేవారు, కామా తప్పితే మాత్రం పొద్దుగూకేదాకా వదిలేవారు కాదు. "పెద్ద పెద్ద మాటలు ఎవడన్న రాస్తడు. ఆగుడు వచ్చినోడే రాసినట్టు" అనేవారు. ప్రతి వాక్యం చివరా ఆశ్చర్యార్థకం గీసే శ్రీశైలాన్ని పిలిచి, "అది పట్టుచీర లెక్క. పెండ్లికి కట్టాలె. నువ్వు బర్రెల కాడికి గూడ కట్టిపిస్తున్నవ్" అన్నారు. దేవరకొండలో ఒక టిఫిన్ సెంటర్ ఇంగ్లీషు బోర్డు మీద అక్కర్లేని అపాస్ట్రఫీ ఒకటి ఉండేది. సారు దాని కింద నిలబడి రోజూ మొహం చిట్లించేవారు. చివరికి హోటలాయన విసుగొచ్చి పెయింటర్‌ను పిలిపించి చెరిపించాడు. అప్పటినుంచి వాళ్లిద్దరూ మంచి దోస్తులు. సారు ఉప్మా మీద జీడిపప్పు ఎక్కువ పడేది.

నేను తొమ్మిదిలో ఉండగా నల్గొండలో జిల్లా పిల్లలందరికీ ఇంగ్లీషు రాత పోటీ పెట్టారు. గుర్తులు తీసేసిన పేజీ ఇస్తారు, ఎక్కడ ఏది రావాలో పెట్టాలి. సారు నన్నూ శ్రీశైలాన్నీ పంపుతానన్నారు. హెడ్మాస్టరు వద్దన్నారు.

"కాన్వెంటోళ్ల నడుమ మనోళ్లెందుకు సార్? బడి పరువు పోతది."

"పోతే నాది పోనీ సార్. వస్తే బడికి రానీ" అన్నారు మా సారు.

హాలు గుమ్మం దగ్గర మేం అలవాటు కొద్దీ చెప్పులు విడిచాం. మిగతా పిల్లలంతా బూట్లతోనే ఉన్నారు. పేజీ చేతికి రాగానే నాకు వాళ్లూ కనబడలేదు, హాలూ కనబడలేదు. కాళ్లు ఆడటం మొదలైంది. సగం అయిందో లేదో, సూపర్‌వైజరుగా ఉన్న ఒకాయన వచ్చి మా ఇద్దరి పేజీలూ లాక్కున్నాడు. "కాళ్లతో సైగలు చేసుకుని కాపీ కొడుతున్నారు" అని గట్టిగా అన్నాడు. హాలంతా మావైపు తిరిగింది. శ్రీశైలం కాళ్లు రెండూ బెంచీ కిందికి లాక్కున్నాడు. నాకు తోచిందొక్కటే. మేం దొంగలమనే పేరుతో ఊరికి పోతాం, ఇంక మా బడి నుంచి ఎవరినీ ఎక్కడికీ పంపరు, సారు హెడ్మాస్టరు ముందు తలెత్తుకోలేరు.

వరండాలో ఉన్న సారును పిలిపించారు. ఆయన వచ్చి మా మొహాలు చూడలేదు, కాళ్లు చూశారు. చూసి హాయిగా నవ్వారు.

"సైగలు కాదు సార్. మా పిల్లలు కాళ్లతోని చదువుతరు."

"ఇదెక్కడి పద్ధతండీ మాస్టారూ? ఎప్పుడూ వినలేదు."

"వినకపోతే చూడుండ్రి. వీళ్లను చెరో దిక్కు కూసోబెట్టుండ్రి. మీ ఇష్టమొచ్చింది రాయించుండ్రి. కాళ్లు మాత్రం ఆపకుండ్రి" అన్నారు సారు. బతిమాలినట్టు లేదు, పందెం కాసినట్టుంది.

న్యాయనిర్ణేతగా వచ్చిన లెక్చరర్ మేడం లేచి సరేనన్నారు. మమ్మల్ని స్టేజీ మీద రెండు చివర్లలో, ఒకరి వీపు ఒకరికి కనబడేలా కూడా కాదు, ఎడమొహం పెడమొహంగా కూర్చోబెట్టారు. బల్లల మీది గుడ్డలు తీయించారు. మేడం తన సంచిలోంచి ఆనాటి ఇంగ్లీషు పేపరు తీసి, ఎక్కడా ఆగకుండా, గొంతు ఎత్తకుండా దించకుండా ఒక పేరా చెప్పారు. అందులో ఒక మంత్రిగారి మాటలున్నాయి, ఒక రైతు ప్రశ్న ఉంది. మా కాళ్లు చూసి మొదట పిల్లలు కిసుక్కున నవ్వారు. కాసేపటికి నవ్వులు ఆగిపోయాయి. ఇద్దరి మోకాళ్లూ ఒకేచోట దగ్గరికి వచ్చి ఒకేచోట విడిపోతున్నాయట. నేనొకసారి తలెత్తితే గుమ్మంలో సారు కనబడ్డారు. ఆయనా చెప్పులు విడిచి ఉన్నారు. ఆయన వేళ్లూ నేలను నొక్కుతున్నాయి.

మేడం రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చదివారు. "అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక్కచోట అమ్మాయి సెమికోలన్ పెట్టింది, అబ్బాయి ఫుల్‌స్టాప్ పెట్టాడు. అక్కడ రెండూ నప్పుతాయి. సైగలు చేసుకునేవాళ్లు అక్కడ విడిపోరు కదా" అని సూపర్‌వైజరు వైపు చూశారు. మొదటి బహుమతి మా ఇద్దరికీ కలిపి ఇచ్చారు. షీల్డు చేతిలో పెట్టి, ఆవిడ తన చెప్పులు పక్కకు నెట్టి, "ఏదీ, ఆ కొటేషన్లు ఇంకోసారి చూపించు" అని శ్రీశైలాన్ని అడిగారు. హాలంతా చప్పట్లు. అప్పటిదాకా దాచుకున్న ఏడుపు నాకు అప్పుడొచ్చింది. సంతోషంతో ఎవరైనా ఏడుస్తారంటే అంతకుముందు నేను నమ్మేదాన్ని కాదు.

బస్సులో సారు షీల్డును ఒళ్లో పెట్టుకుని నోరు తెరిచి నిద్రపోయారు. మర్నాడు ప్రార్థన దగ్గర హెడ్మాస్టరు మా పేర్లు చదివే ముందు వంగి తన బూట్లు విప్పారు. ఎవరూ అడగలేదు, ఆయనే విప్పారు. ఆ మరుసటి ఏడు మా బడి నుంచి పోటీకి పోవడానికి పిల్లలు పోట్లాడుకున్నారు.

ఇప్పటికీ నేను పిటిషన్ రాస్తుంటే మా సీనియర్ "బల్ల కింద ఏమిటమ్మా ఆ చప్పుడు?" అంటారు. నా పిటిషన్లో కామా దిద్దవలసిన అవసరం మాత్రం ఆయనకు ఇంతవరకు రాలేదు. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. ఈ గొప్ప నాది కాదు కాబట్టి సిగ్గుపడను.

సారు పదోనాడు మళ్లీ ఆలేరులో వాళ్లింటికి ఆయన దగ్గర చదువుకున్న వాళ్లం చాలామందిమి పోయాం. ముందుగదిలో మగ్గం మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. సారు భార్య శ్రీశైలాన్ని పిలిచి, "ఆయినకు ఇంగ్లీషుల నాలుగు ముక్కలు సదువు బిడ్డా" అన్నారు. శ్రీశైలం తను రాసుకొచ్చిన కాగితం తీశాడు. చావింటికి వచ్చిన వాళ్లం, అందరి చెప్పులూ వాకిట్లోనే ఉన్నాయి. గచ్చు మీద వరుసగా కూర్చున్నాం. వాడు చదవడం మొదలుపెట్టాడు. మొదటి కామా దగ్గర ఎవరో వేళ్లు నొక్కారు. రెండోదాని దగ్గర అందరం నొక్కాం. మడమలు లేస్తున్నాయి, పడుతున్నాయి. ఎవరూ చెప్పుకోలేదు, ఎవరూ ఆపుకోలేదు.

లోపలి గదిలోంచి సారు వాళ్లమ్మ గొంతు వినబడింది. చాలా పెద్దావిడ, చూపు లేదు.

"కోడలా, మగ్గం మీద ఎవలు కూసున్నరే?"

సారు భార్య గడప దగ్గర నిలబడి మా కాళ్ల వైపు చూశారు.

"మగ్గం కాదత్తా. నీ కొడుకు దగ్గర సదువుకున్న పిల్లలు."

ముసలావిడ కాసేపు విన్నది.

"మంచిగ తొక్కుతున్నరు. ఒక్క పోగు తెగుతలేదు" అన్నది.

శ్రీశైలం గొంతు సవరించుకుని ఆఖరి వాక్యం చదివాడు. గచ్చు మీద మా అందరి మడమలూ ఒక్కసారిగా దిగాయి.