చెర్రీ చెట్టు కింద పరిచిన పంచె

పూజకు పూలు కొనడం నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు. ఇక్కడ నాటింగ్‌హామ్‌లో సూపర్‌మార్కెట్ పూలను ప్లాస్టిక్ కాగితంలో చుట్టి అమ్ముతారు. వాసన ఉండదు. రెండో రోజుకే తలలు వాల్చేస్తాయి. వాటి మీద డబ్బు పొయ్యడం కంటే అక్షింతలతో అష్టోత్తరం చదువుకోవడం నయమని, నేను ఈ దేశంలో కొడుకు దగ్గరికి వచ్చినప్పటి నుంచి అలాగే గడుపుకొచ్చాను.

ఒక ఏడాది ఉగాదికి ముందు రోజు, బస్సులో వెళుతుంటే ఒక పార్కు కనబడింది. గేటు లోపల చెర్రీ చెట్లు వరసగా, ఆకన్నది కనబడకుండా పూసి ఉన్నాయి. వెంటనే బెల్లు నొక్కి దిగేశాను. ఉగాది నుంచి శ్రీరామనవమి దాకా తొమ్మిది రోజులూ రాముడికి ఆ పూలతోనే పూజ చెయ్యాలని అక్కడే అనుకున్నాను.

నేను చదివింది మూడో తరగతి. ఇంగ్లీషు బోర్డులు చదవలేను. అయినా పదిమందీ చూసుకునే చెట్టు మీద చెయ్యి వెయ్యకూడదని బోర్డు చెప్పాలా? కొమ్మ ముట్టుకోలేదు. రాలినవి ఏరుకుందామంటే నేల తాకినవి దేవుడికి పనికిరావు. పారిజాతానికి ఆ పట్టింపు లేదు కానీ, మా అత్తగారు పారిజాతం కింద కూడా ఉతికిన బట్ట పరిచేది. ఆవిడ దగ్గర నేర్చుకున్నదే ఇక్కడా చేశాను. మా ఆయన పాత పంచె ఒకటి నా పెట్టెలో ఉంది. అది ఉతికి ఆరేసి, మర్నాడు తీసుకెళ్ళి చెట్టు కింద పరిచాను. ముసలివాళ్ళకని ఊరి కౌన్సిల్ వాళ్ళు ఇచ్చిన నా ఉచిత బస్సు పాసు తొమ్మిదిన్నర దాటితేనే చెల్లుతుంది కనుక పది గంటలకు చేరేదాన్ని. గాలి వీచినప్పుడల్లా రేకులు తెల్లగా వచ్చి పంచె మీద పడేవి. మోకాళ్ళ నొప్పికి నిలబడలేక పక్కన గడ్డి మీద కూర్చుని, శాలువా తల మీదుగా కప్పుకుని, రామనామం అనుకుంటూ ఉండేదాన్ని.

ఆరు రోజులు బాగానే జరిగింది. ఏడో రోజు కుక్కను నడిపించుకుంటూ ఒక ముసలాయన వచ్చాడు. నన్ను చూసి ఆగాడు. జేబులోంచి నాణెం తీసి, ఎంతో మర్యాదగా వంగి, పంచె మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఒక్క క్షణం నాకేమీ తట్టలేదు. తట్టాక ఒళ్ళు మండిపోయింది. మోకాళ్ళ సంగతి మరిచిపోయి లేచి, వెనకాలే వెళ్ళి ఆయన చేతిలో నాణెం పెట్టేశాను. “నో. గాడ్. ఫ్లవర్,” అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. సారీ, సారీ అంటూ కుక్కను లాక్కుని వెళ్ళాడు. తిరిగొచ్చి, నాణెం తగిలిన రేకులతో దేవుడికి పూజేమిటని పంచె మొత్తం దులిపేసి మళ్ళీ పరిచాను. ఆ రోజు ఇంటికి చేరేసరికి రెండయింది.

ఇదంతా మా కోడలితో పాటు ఆసుపత్రిలో పనిచేసే తెలుగు డాక్టరమ్మ చూసిందట. సాయంత్రానికి కబురు ఇంటికి చేరింది. కొడుకు ఆఫీసు నుంచి వచ్చి బూట్లు కూడా విప్పలేదు.

“అమ్మా, పార్కులో బట్ట పరుచుకుని కూర్చున్నావా?”

“కూర్చున్నాను.”

“ఎవరో డబ్బులు కూడా వేశారంట!”

“వేశాడు. తిరిగిచ్చేశాను. ఆ సంగతి చెప్పలేదా ఆవిడ?”

“పరువు తీస్తున్నావమ్మా. పూలు కావాలంటే ట్రక్కుడు ఆర్డర్ పెడతాను.”

“నీ ట్రక్కు నాకెందుకురా? పోయినేడు మీరిద్దరూ జపాన్ వెళ్ళొచ్చి ఫోన్లో బొమ్మలు చూపించారు. పార్కు పార్కుకీ తిరిగి, ఇవే చెట్ల కింద దుప్పట్లు పరుచుకుని కూర్చున్నారు జనం. నువ్వూ కూర్చున్నావు. అక్కడ వాళ్ళు పరిస్తే పండగ, ఇక్కడ మీ అమ్మ పరిస్తే ముష్టా?”

కోడలు నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళింది. వాడికి మాత్రం కోపం తగ్గలేదు. “ఇకమీద నువ్వు ఒక్కదానివీ బయటికి వెళ్ళొద్దు. ఆదివారం నేను కార్లో తీసుకెళ్తాను,” అని బల్ల మీదున్న నా బస్సు పాసు తీసి జేబులో వేసుకున్నాడు.

ఆదివారాలు నాకు కొత్త కాదు. ఒక ఆదివారం ఆసుపత్రిలో కోడలి డ్యూటీ మారుతుంది, ఒక ఆదివారం వీడికి నిద్ర చాలదు. ఆ పాసు లేకపోతే నేను ఈ నాలుగు గోడల మధ్య, ఎవరికి తీరితే వాళ్ళు తిప్పే మనిషినైపోతాను. వెళ్ళి వాడి ముందు చెయ్యి చాపాను.

“అది కౌన్సిల్ వాళ్ళు నా పేరున, నా ఫొటోతో ఇచ్చారు. ఇటివ్వు.”

“నీ మంచికేనమ్మా…”

“నా మంచి నీకంటే నాకు ముందు తెలుసు. ఇస్తావా, పోయిందని చెప్పి కొత్తది తెచ్చుకోమంటావా?”

వాడు కోడలి వైపు చూశాడు. “ఇచ్చెయ్యి,” అంది లోపల్నుంచి. ఇచ్చాడు.

ఎనిమిదో రోజు కూడా వెళ్ళి రేకులు పట్టి తెచ్చాను. ఆ రాత్రి పెద్ద వాన పడింది. తెల్లవారాక నవమి. సెలవు పెట్టి ఇంట్లో ఉన్న కొడుకు కిటికీ తెర తీసి చూశాడు. “అన్నీ రాలిపోయుంటాయిలే అమ్మా. ఇంక వెళ్ళి ఏం చేస్తావు?” అన్నాడు. గొంతులో కాస్త సంతోషం ఉంది. నేను పంచె మడిచి సంచిలో పెట్టుకున్నాను.

తెల్లచెట్లు నిజంగానే బోసిపోయాయి. గేటు దగ్గర్నుంచే చూసి వెనక్కి తిరిగాను. అయితే బస్టాపులో రోజూ కనబడే పంజాబీ ఆవిడ, ఊరికి అటువైపు పార్కులో గులాబీ రంగు ముద్ద చెర్రీలు ఆలస్యంగా పూస్తాయని రెండు రోజుల కిందటే హిందీలో చెప్పింది. ఎక్కాల్సిన బస్సుల నంబర్లు కాగితం ముక్క మీద రాసిచ్చింది. అంకెలు నాకు వచ్చు. రెండు బస్సులు మారాను.

ఆ చెట్లు కొమ్మలు వంగేటంత బరువుగా పూసి ఉన్నాయి. పంచె పరిచానో లేదో ఫోన్ మోగింది.

“అమ్మా, ఎక్కడున్నావు? ఆ పార్కు దాకా వచ్చాను, నువ్వు లేవు!”

“వేరే పార్కులో ఉన్నాను.”

“ఏ పార్కు? పేరేమిటి?”

“బోర్డు ఉంది కానీ నేను చదవలేనుగా. పూలు మాత్రం బాగున్నాయి.”

“కదలకుండా అక్కడే ఉండు. నేనొచ్చి…”

“నువ్వేం రానక్కర్లేదు. ఒంటిగంటకల్లా ఇల్లు చేరతాను. పానకానికి బెల్లం నానెయ్యి. మిరియాలు దంచడం నీ వంతు,” అని ఫోన్ పెట్టేశాను.