రాజుగారి రాగి అర్ధపెన్నీ

జాబ్రియా అనే ఈ అరబ్బు పేటలో నేను కారు నడిపే ఇంటి పెద్దాయనకు పాత నాణేల పిచ్చి. నాకు పుస్తకాల పిచ్చి. ఈ రెండూ ఒకే ఇంట్లో ఉండకుండా ఎవరైనా చూసి ఉండాల్సింది.

పెద్దాయనను పనివాళ్లమంతా బాబా అంటాం. ఇంటి ముందుభాగంలో మగవాళ్లు కూర్చుని కబుర్లు చెప్పుకునే పెద్ద గది ఉంది. దివానియా అంటారు. శుక్రవారం సాయంత్రాలు బాబా స్నేహితులు అక్కడ చేరతారు. అందరూ నాణేలు సేకరించేవాళ్లే. ఎవరో ఒకరు కొత్తగా సంపాదించిన నాణెం తెచ్చి పళ్లెంలో పెట్టి దాని కథ చెప్తారు. పళ్లెం చేతులు మారుతుంది, దాని వెనకే టీ తిరుగుతుంది. టీ తిప్పేవాణ్ని నేను.

తిప్పి ఊరుకుంటే సరిపోయేది. ఒకరోజు ఒకాయన తన వెండి నాణెం గురించి తప్పు చెప్తుంటే, చేతిలో గ్లాసులతోనే నిలబడి సరిదిద్దాను. గది మొత్తం నా వైపు తిరిగింది. బాబా చిన్నతనం బొంబాయిలో గడిచింది, హిందీ బాగా వచ్చు. నవ్వుతూ, "ఇంత తెలిసినవాడివి నిలబడతావెందుకు? నువ్వూ ఒక నాణెం తీసుకురా. కథ చెప్పినవాడు ఎవడైనా ఇక్కడ కూర్చోవచ్చు" అన్నారు.

ఆయన సరదాకే అని ఉంటారు. నేను మాత్రం కలెక్టరు ఉత్తర్వు అందినట్టు తీసుకున్నాను. దివానియాలో పరిచిన ఆ ఎర్ర మెత్త మీద, ఆ పెద్దమనుషుల పక్కన, చదువుకున్నవాడిగా కూర్చోవాలి. అప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

నా చదువు సంగతి చెప్పాలి. బడి నన్ను పదో తరగతిలో వదిలేసింది. మిగిలిందంతా మా ఊరి శాఖా గ్రంథాలయం, ఆ తర్వాత ఇక్కడి పబ్లిక్ లైబ్రరీ. బాబా మనవరాలిని బడిలో దింపి, మళ్లీ తీసుకొచ్చేదాకా నా మకాం అక్కడే. కొందరు "లండన్‌లో చదివాను" అన్నట్టు నేను "లైబ్రరీలో చదివాను" అంటుంటాను.

నాతో ఒకే గదిలో ఉండే వంటాయన రాయచోటి ముస్లిం, వయసులో పెద్ద. నేను భాయ్ అంటాను. ఆయన నన్ను అయ్యోరా అంటాడు. మా వైపు బడిపంతులును అలా పిలుస్తారు. చాన్నాళ్లు అది గౌరవమే అనుకున్నాను.

"ఏ దేశపు కాసు తెస్తావు అయ్యోరా?" అన్నాడు భాయ్.

"అమెరికాది. అదీ అమెరికా ఇంకా ఇంగ్లండు రాజు కింద ఉన్నప్పటిది."

"అంత దూరం ఎందుకప్పా? మా అబ్బ దాచిన చిల్లికాణీ నా పెట్టెలో ఉండాది, ఎత్తుకోని పో."

"చిల్లికాణీ చూసి అక్కడ కూర్చోనిస్తారా భాయ్?"

"కూర్చునేదానికి కాసెందుకు, మోకాళ్లు వంగితే సాలదా?"

ఇలాంటి మాటలకు జవాబు పుస్తకాల్లో ఉండదు. పాత సూక్‌లో, అంటే బజారులో, నాణేలమ్మే అంగడికి వెళ్లాను. అడగ్గా అడగ్గా అంగడాయన మూడు నాణేలు తీసి నల్ల గుడ్డ మీద పరిచాడు. మొదటిది పెద్ద స్పెయిను వెండి నాణెం. అమెరికా వలసల్లో ఎక్కువగా చెలామణీ అయింది ఇదేనని, చిల్లర లేకపోతే దీన్నే ముక్కలుగా నరికి వాడారని నాకు తెలుసు. తెలుసని ఆయనకూ తెలియజేశాను. కానీ అలాంటిది బాబా దగ్గర అప్పటికే ఉంది. రెండోది పైన్ చెట్టు బొమ్మ ఉన్న వెండి షిల్లింగు. తళతళలాడుతోంది.

"ఇది నకిలీ" అన్నాను. "ఇంత పాతది ఇంత కొత్తగా మెరుస్తుందా?"

అంగడాయన దాన్ని తీసి లోపల పెట్టేశాడు. ఆ క్షణం నా ఎత్తు జానెడు పెరిగింది.

మూడోది వర్జీనియా రాగి అర్ధపెన్నీ. కాచిన బెల్లంలాంటి ముదురు గోధుమరంగు. ఒకవైపు రాజు తల, రెండోవైపు డాలు. లండన్‌లో అచ్చువేసి ఓడలో పంపారట, అక్కడికి చేరిన కొద్దికాలానికే ఇంగ్లండుతో యుద్ధం వచ్చి జనం దాచేసుకున్నారట. నా జేబు ఒప్పుకున్నదీ అదొక్కటే. అయితే నేను దాన్ని ఎంచుకున్నది రాజు ముఖం చూసి. అమెరికా చేజారిపోయింది ఈ రాజు ఏలుబడిలోనే. మా కడప సీమను నిజాము కంపెనీవాళ్లకు రాసిచ్చిందీ ఈయన ఏలుబడిలోనే. అమెరికావాళ్లు వదిలించుకున్న రాజుకు మేం తగులుకున్నాం! ఈ కథ దివానియాలో ఎవరికీ తెలియదు. దారి పొడవునా స్టీరింగుకు ఉపన్యాసం ఇస్తూ వచ్చాను.

శుక్రవారం పొద్దున నాణెం చూస్తే మనసొప్పలేదు. మా అమ్మ పండగొస్తే రాగిచెంబును చింతపండు, ఉప్పు వేసి తోమేది. మసిబారిన చెంబుతో చుట్టాలకు నీళ్లివ్వడం మా ఇంట్లో పెద్ద తప్పు. మరి పెద్దమనుషుల పళ్లెంలో ఈ మురికి రాజును ఎలా పెట్టను? భాయ్ పులుసుకు నానేసిన చింతపండులోంచి కాస్త తీసుకుని రుద్దాను. రాజుగారి బుగ్గ ఎర్రగా తేలింది. ఉత్సాహం వచ్చి రెండోవైపు కూడా రుద్దాను.

"మెరిసిపోతాండాదే అయ్యోరా! పెండ్లికొడుకు మాదిరి!" అన్నాడు భాయ్.

నా నాణేల పుస్తకంలో చివరి అధ్యాయం నాణేలను ఎలా భద్రపరచాలో చెప్తుంది. డబ్బాలో పెట్టుకోవడానికి కూడా పుస్తకమెందుకని నేను దాన్ని చదవలేదు.

సాయంత్రం పళ్లెంలో పెట్టాను. గొంతు సవరించుకున్నాను. ఇంతలో నేను ఒకప్పుడు సరిదిద్దిన ఆయనే నాణెం అందుకుని, తిప్పి చూసి, "నకిలీ" అన్నాడు. "ఇంత పాతది ఇంత కొత్తగా మెరుస్తుందా?"

నా మాట నాకే తిరిగొచ్చింది, అదీ అరబ్బీలో. నాణెం బాబా చేతికి వెళ్లింది. భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"తమర్ హిందీ!" అన్నారు. అంటే చింతపండు. "నిజమైనదే. కడిగాడు. ఇన్నేళ్లుగా పట్టిన రంగు మొత్తం కడిగేశాడు! దీని అందమే అది, ఖలాస్, పోయింది."

గది ఒక్కసారిగా నవ్వింది. నేను టీ గ్లాసుల వైపు నడవబోయాను. బాబా నా మోచెయ్యి పట్టి ఆపి, పక్కనున్న మెత్త మీద తట్టారు. "కూర్చో. ఎలా తోమావో మొదటినుంచి చెప్పు."

కూర్చున్నాను. చెప్పాను. అమ్మ, చెంబు, పులుసు, పెండ్లికొడుకు, అన్నీ. వాళ్లు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

ఆ నాణెం ఇప్పుడు బాబా పళ్లెంలోనే ఉంటుంది. దివానియాకు ఎవరు కొత్తగా వచ్చినా దాన్ని చూపించి, "యల్లా, తమర్ హిందీ కథ చెప్పు" అంటారు. నేను మెత్త మీద కూర్చునే చెప్తాను. టీ తిప్పడానికి భాయ్ వస్తాడు, నా గ్లాసు కావాలని చివర ఇస్తాడు. రాజు గురించి, కడప గురించి మొదలుపెట్టిన ప్రతిసారీ, "అది తర్వాత, ముందు చింతపండు" అంటారు. ఆ 'తర్వాత' అనేది ఇంతవరకు రాలేదు.

ఈమధ్య ఒక దిగులు పట్టుకుంది. రాజుగారి చెంప మీద రంగు మళ్లీ మారుతోంది, అంచుల్లో నలుపు తిరుగుతోంది. మొత్తం మామూలైపోతే నేనేం చెప్పాలి, ఎక్కడ కూర్చోవాలి? భాయ్‌తో అన్నాను.

ఆయన కుండలోంచి గరిటె తీయకుండానే అన్నాడు: "దానికి బయమెందుకప్పా, చింతపండు యాడికీ పోల్యా."